మొన చూపించాలి

మంగళవారం మధ్యాహ్నం మూడు దాటాక తిరుమలమ్మ చేతిలో సూది విరిగింది. పెద్దగా చప్పుడేమీ రాలేదు. పిడికి తొమ్మిది సూదులుంటే ఎనిమిది దిగిన సంగతి చేతికి తెలిసింది, తొమ్మిదోది దిగిన సంగతి తెలియలేదు, అంతే.

ఆ షెడ్డు నగరి నుంచి ఏకాంబరకుప్పం పోయే రోడ్డు మీద, మరమగ్గాల చప్పుడుకి కాస్త ఎడంగా ఉంది. ఎనభై నాలుగో సంవత్సరం ఏప్రిల్ ఎండకి పైన రేకులు కాలిపోతున్నా లోపల ఫ్యాను వేయకూడదు, కిటికీ తెరవకూడదు. గాలి తగిలిందంటే పాలిస్టరు నూగు లేచి కళ్లల్లో, ముక్కుల్లో, అన్నం క్యారియర్లలో పడుతుంది. పన్నెండు మంది ఆడవాళ్లు ముక్కులకు గుడ్డలు కట్టుకుని, రెండు వరసల్లో ఎదురుబొదురుగా కూర్చుని పనిచేస్తారు. యంత్రం దువ్వి పొరలుగా ఇచ్చిన పీచును అచ్చు మీద ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా పరుచుకుంటూ, పిడితో గుచ్చుకుంటూ పోవాలి. సూదుల పక్కల సన్నని గాట్లుంటాయి. దిగేటప్పుడు అవి పై పొర పోగుల్ని పట్టుకుని కింది పొరలోకి లాక్కుపోతాయి. అట్లా కొన్ని వేలసార్లు గుచ్చితే దారం లేకుండా, జిగురు లేకుండా అంతా ఒకటై బిగుసుకుంటుంది. పలకలైతే యంత్రమే చేసిపెడుతుంది. వంపు మాత్రం దాని వల్ల కాదు, వంపుకి మనిషి చెయ్యి కావాలి.

అచ్చు అంటే కొబ్బరిపీచు కూరి గోనెగుడ్డ బిగించి కుట్టిన ముద్ద. మోకాలి కింద తెగిపోయిన కాలు ఎట్లా ఉంటుందో అట్లాగే ఉంటుంది. దాని మీద తయారైనవి తిరుపతిలో ఒక ఆస్పత్రికి పోతాయి. కొయ్యకాలు పెట్టుకునేవాళ్లకి తెగిన చోటుకీ కొయ్యకీ మధ్య మెత్తగా ఉండాలి గదా, అందుకు. బిల్లుల్లో దానికేదో ఇంగ్లీషు పేరుంది. షెడ్డులో ఆడవాళ్లు దాన్ని కుళ్లాయి అంటారు. తలకి పెట్టకుండా కాలికి పెట్టే కుళ్లాయి ఏందే అని మొదట్లో నవ్వుకునేవాళ్లు. మూడేళ్లయ్యేసరికి ఆ నవ్వు అరిగిపోయింది.

గోడ మీద ఓనరు కృష్ణస్వామి ఎర్రరంగుతో రాయించిన బోర్డు ఉంది. 'సూది విరిగితే మొన చూపించాలి. చూపించనివారికి పని లేదు.' విరిగిన రెండు ముక్కలూ నల్ల రెక్సిను గుడ్డ మీద పెట్టి చూపిస్తే, మేస్త్రీ దేవనాథన్ వాటిని అతికించి చూసి, పుస్తకంలో పేరూ తేదీ రాసుకుని కొత్త సూది ఇస్తాడు. రూలు చెడ్డదేమీ కాదు. నిజం చెప్పాలంటే చాలా మంచి రూలు. మొన కుళ్లాయిలో ఉండిపోతే అది ఎవరి కండలోకి పోతుందో చెప్పలేం. అయితే మొన దొరకలేదని నిజం చెప్పిన ఇద్దరినీ కృష్ణస్వామి ఆ పూటే పంపించేశాడు. ఆ రోజు నుంచీ ఆ షెడ్డులో మొన దొరకకపోవడమన్నది లేదు.

తిరుమలమ్మ పిడి ఒళ్లో పెట్టుకుని కుళ్లాయిని వేళ్లతో తడిమింది. లేదు. అచ్చు మీంచి తీసి లోపలి వైపు తడిమింది. లేదు. అచ్చును తడిమింది, చీర కుచ్చిళ్లు విదిలించింది, చాప ఎత్తి చూసింది. పాత స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం ఒకటి షెడ్డుకంతా ఉంది. దాన్ని అందుకుని కుళ్లాయి చుట్టూ తిప్పింది. వేలెడు మందం పీచులో వడ్లగింజలో సగం ఉండే ముక్కను లాగే శక్తి దానికి లేదని అందరికీ తెలుసు. అయినా తిప్పింది.

వరస చివర దేవనాథన్ లేచాడు. తిరుత్తణి మనిషి, పొడుగ్గా ఉంటాడు, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని నడుస్తాడు. ఆయన చెప్పుల చప్పుడు దగ్గర పడుతోంది. ఇంట్లో మగ్గం ఆగి ఆరు నెలలు. ఇద్దరు పిల్లలూ మొగుడూ తినేది ఈ పిడి మీదే.

పక్కన కూర్చున్న సుబ్బులమ్మ మొహం తుడుచుకునేదానిలా కొంగు విప్పింది. విప్పిన ముడి మళ్లీ వేసుకుంది. తిరుమలమ్మ మోకాలి దగ్గర చాప మీద, ఎప్పుడో మేస్త్రీ చూసి పారేసిన పాత మొన ఒకటి పడింది. "తీసుకో," అంది సుబ్బులమ్మ ముక్కుగుడ్డ లోపలినుంచి. "సేతులు వొణక్కుండా ఇయ్యి."

"యాడమ్మా మొన?" అన్నాడు దేవనాథన్.

ఆమె రెక్సిను గుడ్డ పరిచి రెండు ముక్కలూ పెట్టింది. ఆయన కళ్లద్దాలు దించుకుని వాటిని దగ్గరికి జరిపాడు. కాడ నిగనిగలాడుతూ ఉంది, మొన నల్లబడి ఉంది. విరిగిన అంచులు ఒకదానికొకటి సరిగ్గా కూర్చోలేదు. ఆయన చాలాసేపు చూశాడు.

"సరే," అన్నాడు చివరికి. పుస్తకం తెరిచి రాసుకున్నాడు. "నిటారుగా గుచ్చు, నిటారుగా తియ్యి అని యన్నిసార్లు చెప్పేది? పక్కకి వంచితే విరక్క ఏం చేస్తుంది. త్వరగా కానీ, సాయంత్రం మూట కట్టాల."

కొత్త సూది బిగించుకుని అదే కుళ్లాయిని మళ్లీ అచ్చుకి తొడిగింది. పక్కన పడేసి ఇంకోటి మొదలెడితే ఎందుకని అడుగుతారు. గుచ్చింది. గుచ్చిన ప్రతిసారీ లోపల ఎక్కడో ఉన్న ఆ ముక్కను తనే ఇంకా లోపలికి తోస్తున్నట్టు తెలుస్తూనే ఉంది. ఎవరు చేసిన కుళ్లాయికి వాళ్ల రంగుదారంతో అంచున ఒక కుట్టు వేయాలి. తన ఆకుపచ్చ దారంతో కుట్టు వేసి మూటలో పెట్టింది. రేపు పొద్దున్నే ముందుగా వచ్చి తీసేస్తాలే అనుకుంది. ఆ ఒక్క మాట పట్టుకుని ఇంటికి పోయింది.

బుధవారం ఆమె వచ్చేసరికి మూట లేదు.

"పొద్దున ఆరున్నర బస్సుకే ఎక్కించేసినాను," అన్నాడు దేవనాథన్. "ఎందుకు?"

"ఏం లేదు మేస్త్రీ. ఒకదానికి కుట్టు సరిగ్గా పడలేదేమో అని."

"కుట్టుదేముంది, గుర్తుకే గదా," అని ఆయన వెళ్లిపోయాడు.

ఆ రోజు ఆమె చేత్తో చేసిన పని చేతికే తెలియదు. పొర పరవడం, గుచ్చడం, అచ్చు తిప్పడం వాటి పాటికవి జరిగిపోయాయి. కళ్ల ముందు మాత్రం ఒక కాలు. ఎవరిదో తెలియదు, మొహం లేదు, ఒట్టి తెగిన కాలు. అది కుళ్లాయిలో దిగుతుంది, పైనుంచి మనిషి బరువు పడుతుంది. అక్కడికి వచ్చేసరికి ఆమె పిడి ఆగిపోయేది. మూడేళ్లలో కొన్ని వందల కుళ్లాయిలు చేసింది గానీ, పెట్టుకున్న మనిషిని ఒక్కరిని కూడా చూడలేదన్న సంగతి మొదటిసారి తోచింది.

అన్నాల వేళ సుబ్బులమ్మను నీళ్ల డ్రమ్ము వెనక్కి లాక్కుపోయింది.

"అక్కా, అది లోపలే ఉండాది. నాకు తెలస్తాండాది. మేస్త్రీకి సెప్పేస్తాను."

"సెప్పు," అంది సుబ్బులమ్మ. క్యారియర్ మూతలో మిగిలిన మజ్జిగ నీళ్లు తాగి మూతి తుడుచుకుంది. "సెప్పి ఇంటికి పో. మొన యాడిదని అడుగుతాడు గదా, అక్క ఇచ్చిందను. నేనూ వస్తాను నీ ఎనకాలే. ఇంగ ఎవురెవురు తీసుకున్నారో అదీ అడుగుతాడు. పన్నెండు మందిమీ కలిసే పోదాం."

"యంతమందికి ఇచ్చినావక్కా?"

సుబ్బులమ్మ వేళ్లు ముడిచింది, విప్పింది, మళ్లీ ముడిచింది. "రెండేండ్లలో పద్నాలుగు. నీకే రెండు. నిరుడు ఉగాది వారంలో ఒకటి తీసుకోలా?"

తీసుకుంది. ఆ సంగతి తిరుమలమ్మ మరిచిపోయింది. నిరుడు ఇంత భయం ఎందుకు వేయలేదో ఇప్పుడు తలుచుకుంటే అదొక కొత్త భయం.

"పద్నాలుగు పోయినాయి గదా, ఒక్కటన్నా తిరిగొచ్చిందా?" అంది సుబ్బులమ్మ. "ఎవురికన్నా గుచ్చుకోనుంటే ఆస్పత్రోళ్లు ఊరుకుంటారా? ఏమీ కాలా. ఏమీ కాదు. పో, పని సూసుకో." అని రెండడుగులు వేసి వెనక్కి వచ్చింది. గొంతు తగ్గించింది. "నేను మంచికే ఇచ్చినాను తిరుమలా. నా మీదికి తేబాక."

గురువారం కరెంటు ఇవ్వరు కాబట్టి షెడ్డుకి సెలవు. తిరుచానూరు అమ్మవారికి మొక్కుంది, పోయి వస్తానని మొగుడితో చెప్పి తిరుపతి బస్సెక్కింది. పోయి ఏం చెయ్యాలో ఆమెకు తెలియదు. కుళ్లాయి ఇంకా మూటలోనే ఉంటే ఏదో ఒకటి చెప్పి తెచ్చేసుకోవాలి. అంతవరకే ఆలోచించింది. పుత్తూరులో బస్సు ఆగితే విరిగిన ఎముకలకు కట్టు కట్టించుకున్నవాళ్లు ముగ్గురు ఎక్కారు. ఒకాయన చెయ్యి వెదురు దబ్బలతో బిగించి మెడకు వేలాడుతోంది. సీటు ఖాళీ లేక ఆయన ఆమె పక్కనే నిలబడి, బస్సు ఊగినప్పుడల్లా పళ్లు బిగబట్టి గాలి పీలుస్తున్నాడు. లేచి సీటిచ్చింది. రేణిగుంట దాకా ఆయన వైపు చూడలేకపోయింది.

ఆస్పత్రి వెనక వైపు రేకుల కప్పుతో ఒక పొడుగాటి గది. అందులో కాళ్లు తయారుచేస్తారు. గోడ వెంట కొయ్యకాళ్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి, కొన్నింటికి చెప్పులు కూడా తొడిగి ఉన్నాయి. మధ్యలో రెండు ఇనప కమ్ములు నడుమెత్తులో బిగించి ఉంటే, నలభై ఏళ్ల మనిషి ఒకాయన వాటిని పట్టుకుని అడుగులు వేస్తున్నాడు. కళ్లద్దాల ఆయన ఒకరు పక్కనే నడుస్తూ చూస్తున్నాడు.

"ఎవరమ్మా? ఓపీ ముందర వైపు," అన్నాడాయన.

"నగరి నుంచి వచ్చినాను సార్. కుళ్లాయిలు సేస్తామే, ఆ షెడ్డు నుంచి."

"కుళ్లాయిలా?"

ఆమె ఎడమ పిడికిలి మీద కుడి అరచెయ్యి బోర్లించి చూపించింది. ఆయనకు నవ్వొచ్చింది. "బాగుంది పేరు. నేను బాలసుబ్రమణ్యం, ఈ కాళ్లు చేసేది నేనే. మూడేళ్లలో మీ షెడ్డు నుంచి మనిషన్నవాళ్లు రావడం ఇదే మొదలు. ఓబయ్యా, నీ కాలికి మెత్త చేసినావిడ వచ్చింది చూడు."

ఓబయ్య కమ్ములు వదిలేసి దండం పెట్టబోయి తూలాడు. బాలసుబ్రమణ్యం పట్టుకున్నాడు. "ఉండనీ సార్, దండం పెట్టాల," అన్నాడు ఓబయ్య. "మాది బంగారుపాళ్యం తల్లీ. మామిడికాయల లారీ ఎనక్కి వస్తా కాలి మీద ఎక్కేసింది. నిన్న సాయంత్రం పెట్టినారు ఈ కాలు. వచ్చే నెల కాయ దిగుతాది గదా, నడిచి వస్తే పల్పు ఫ్యాక్టరీలో గేటు కాడ పని ఇస్తామన్నారు. నడస్తాండా సూడు."

మళ్లీ నడిచాడు. నాలుగడుగులు పోయి వచ్చాడు. కొయ్య మీద బరువు వేసినప్పుడల్లా ఎడమ కన్ను కొద్దిగా మూసుకుంటోంది. తిరుమలమ్మ కన్ను ఆ కన్ను మీదే ఉంది.

"నొప్పేమన్నా ఉండాదా అన్నా?" అంది.

"నొప్పి అని కాదు. ఈ పక్క యాడో సురుక్కుమంటాది. సార్‌తో సెప్తే అలవాటు కావాల అంటాండారు."

"అందరూ అంటారమ్మా," అన్నాడు బాలసుబ్రమణ్యం. "లేని కాలికి వేళ్లు నొప్పిగా ఉన్నాయని కూడా అంటారు. కొత్తలో అట్లాగే ఉంటుంది."

"ఒకసారి తీసి సూస్తాను సార్. యట్ల కూసుంటాదో సూసి పోదామని."

ఓబయ్యను బెంచీ మీద కూర్చోబెట్టి కొయ్యకాలి తోలు వారులు విప్పారు. కుళ్లాయి ఆమె చేతికి వచ్చింది. అంచున ఆకుపచ్చ దారం. మూటలో ఆకుపచ్చవి నాలుగున్నాయి, ఇది వేరేదేదైనా కావచ్చు. ఆ ఆశతోనే లోపల పిడికిలి పెట్టి, బయటినుంచి రెండో అరచేత్తో నొక్కుతూ తిప్పింది. ఒక చుట్టు, రెండు చుట్లు. ఏమీ తగల్లేదు. ఇంకా గట్టిగా నొక్కింది. తగల్లేదు.

బాగుందని చెప్పి ఇచ్చేసి పోవచ్చు. తలుపు పదడుగుల దూరంలో ఉంది. చేతికి తగల్లేదు కాబట్టి అది అబద్ధం కూడా కాదు. కానీ చేతి బరువెంత, మనిషి బరువెంత? ఓబయ్య తెగిన కాలిని అరచేత్తో నిమురుకుంటున్నాడు. మోకాలికి జానెడు కింద ఒకచోట చర్మం ఎర్రగా ఉంది, ఆవగింజంత. దాన్ని చూసిన తర్వాత ఆమెకు పోవడానికి కాళ్లు రాలేదు.

"దీన్ని కొయ్యాల సార్," అంది.

"ఏమంటావమ్మా? మళ్లీ ఇంకోటి రావాలంటే ఎన్ని ఉత్తరాలు రాయాలో తెలుసా?"

"సూది మొన ఉండాది సార్ దీంట్లో. నేనే పోగొట్టినాను."

ఆ మాట తన నోటినుంచి వచ్చిందని నమ్మకం కుదరక ఇంకోసారి అంది. బాలసుబ్రమణ్యం ఆమె మొహం చూశాడు, తర్వాత ఓబయ్య కాలి మీది మచ్చ చూశాడు. తోలు కోసే బ్లేడు తీసుకుని బల్ల దగ్గరికి పోయాడు. ఎర్రమచ్చ తగిలే చోట సుద్దతో గీత గీసి, పొరపొరగా విప్పుకుంటూ వచ్చాడు. పొరలు అంత సులభంగా విడిపోలేదు, పని అంత బాగా చేసింది ఆమె. నాలుగో పొరలో బ్లేడు కిర్రుమంది. పట్టకారుతో లాగి తెల్లకాగితం మీద వేశాడు.

భూతద్దం పెట్టి చూస్తే పక్కన రెండు గాట్లు స్పష్టంగా ఉన్నాయి.

ఓబయ్య బెంచీ మీంచి మెడ సాచి చూశాడు. ఆమెను తిడతాడనుకుంది. "అయితే నేను అబద్ధం సెప్పలా సార్," అన్నాడాయన, అదేదో గెలిచినట్టు. ఆ తర్వాత గానీ కోసేసిన కుళ్లాయి మీద చూపు పడలేదు. "ఇంకోటి యన్నాళ్లకి వస్తాది?" అన్నాడు నెమ్మదిగా.

"నాలుగు రోజులు ఆగు. మూటలో ఇంకా ఉన్నాయి, అన్నీ చూసి మంచిది పెడతాను," అన్నాడు బాలసుబ్రమణ్యం. కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని తిరుమలమ్మను పక్కనున్న చిన్న ఆఫీసు గదిలోకి రమ్మని తలుపు వేశాడు. కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"విరిగిన ప్రతి సూదికీ రెండు ముక్కలూ చూపించాకే ఇంకోటి ఇస్తారట గదా మీ దగ్గర?"

"ఇస్తారు సార్. పాత మొనలు ఉంటాయి మా కాడ. దొరకనప్పుడు అవి సూపిస్తాం."

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, నిరుటి సంగతి చెప్పాడు. నిరుడు వేసవిలో గుడిపాల వైపు నుంచి చెంగయ్య అని ఒక రైతు వచ్చాడు. కాలు పెట్టించుకుని పోయిన ఇరవై రోజులకు చీము పట్టి తిరిగొచ్చాడు. లోపల ఇనప ముక్క దొరికింది, తుప్పుపట్టి ఉంటే ఏ సూదిదో తేలలేదు. మోకాలి పైదాకా తీసేయాల్సి వచ్చింది. నగరికి ఉత్తరం రాస్తే కృష్ణస్వామి పుస్తకానికి నకలు తీసి పంపాడు. ప్రతి సూదికీ రెండు ముక్కలు, ప్రతి దానికీ మేస్త్రీ సంతకం. ఒక్క తప్పు లేదు.

"పుస్తకం అంత శుభ్రంగా ఉంటే ఏమనుకుంటారు? మీ షెడ్డు సూది కాదు, ఇక్కడిదే అన్నారు. వారులు కుట్టేదానికి ఇక్కడొకావిడ ఉండేది, చంద్రకాంతమ్మ అని. ఆమె సూదే అయ్యుండాలని తేల్చి పంపించేశారు. నేనూ అట్లాగే అనుకున్నాను." "ఈ ముక్క ఈ కుళ్లాయి సంగతి చెబుతుంది. నిరుటి సంగతి చెప్పదు. పుస్తకం తప్పని, అందులో పేరున్న మనిషి ఎవరైనా రాసివ్వాలి."

తెల్లకాగితం ముందుకు జరిపాడు. నిరుడు వేసవి. తన మొన పోయిన ఉగాది వారం తర్వాత. తిరుమలమ్మ వెనక్కి జరిగి తలుపు పట్టుకుంది.

"కాగితం వొద్దు సార్. నోటితో సెప్పినాను గదా. కాగితం రాస్తే పన్నెండు మందిమి పోతాం. మా ఇండ్లల్లో పొయ్యిలు ఆరిపోతాయి సార్."

ఆయన బలవంతపెట్టలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. "ఐదింటిదాకా ఉంటాను," అన్నాడు.

"ఆయమ్మ యాడుంటాది సార్ ఇప్పుడు?"

"తిరుచానూరులో. పూలు కడుతుందని విన్నాను."

బస్టాండులో నగరి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది, కిటికీ పక్క సీటు కూడా ఖాళీ ఉంది. ఎక్కితే నాలుగింటికి ఇంట్లో ఉంటుంది. మొన బయటికి వచ్చింది, ఓబయ్యకు ఏమీ కాదు, వచ్చిన పని అయిపోయింది. కండక్టరు రెండుసార్లు పిలిచాడు. ఆమె తిరుచానూరు బస్సెక్కింది. మొక్కుందని మొగుడితో చెప్పిన మాట నిలబెట్టుకోవడానికి అనుకుంది గానీ, దిగి గుడి వైపు పోకుండా పూలవాళ్ల సందు ఎటని అడిగింది.

లాడ్జీల వెనక సందులో ఒక అరుగు మీద ముగ్గురు కూర్చుని ఉన్నారు. తడిగోనె మీద మల్లెలూ కనకాంబరాలూ కుప్పగా ఉన్నాయి. ముసలావిడ ఒకామె, పక్కింటామె ఒకరు సూదులతో సంపంగులు గుచ్చుతున్నారు. మూడో ఆమె అరటినారతో మల్లెలు కడుతోంది. వేళ్లు చూస్తే తెలిసిపోయింది, బొటనవేలి పక్కన గట్టిపడిన కాయ. ఏళ్ల తరబడి సూదిని తోలులోకి నెట్టిన చెయ్యి అది. ఆమె ఒళ్లో గానీ చుట్టుపక్కల గానీ సూది లేదు.

"చంద్రకాంతమ్మంటే నువ్వేనా అక్కా?"

"మూర అర్ధరూపాయి. గుడి కాడ అయితే ఇంకా ఎక్కువ," అంది ఆమె తలెత్తకుండా.

"పూలకి రాలా. నేను నగరి నుంచి వచ్చినాను. కాళ్లకి కుళ్లాయిలు సేసే షెడ్డు నుంచి."

నార ఆగింది. పక్కింటామె, ముసలావిడ ఇద్దరూ ఆమె వైపు చూశారు. తిరుమలమ్మ అరుగు కింద నిలబడే చెప్పింది. ఆస్పత్రిలో చెప్పినంత తేలిగ్గా రాలేదు. మాటలు ముక్కలుగా వచ్చాయి. సూదులు విరుగుతాయని, మొనలు దొరకవని, దొరికినట్టు చూపిస్తామని, పద్నాలుగు అట్లా పోయాయని, ఈ రోజే ఒకటి ఒకాయన కాల్లో దొరికిందని, చెంగయ్య కాలిలో ఉన్నది కూడా తమ షెడ్డుదేనని.

"నీదా అది?" అంది చంద్రకాంతమ్మ.

"తెల్దక్కా. నాదే కావచ్చు, ఇంగొకరిది కావచ్చు. నీది మాత్రం కాదు."

"నాది కాదా?"

"కాదు."

"ఇంకోసారి సెప్పు."

చెప్పింది. చంద్రకాంతమ్మ అరుగు దిగింది. కొడుతుందనుకుని తిరుమలమ్మ కళ్లు మూసుకుంది. కొట్టలేదు. కుడి మణికట్టు పట్టుకుంది, తడిచేత్తో, ఎముక నొక్కుకునేంత గట్టిగా.

"ఆయన ఊరికి పోయినానే నేను," అంది. గొంతు పైకి లేవలేదు. "ఆపరేషన్ అయినాక గుడిపాల పోయి, మంచం కాడ కూసుని, ఆయనకి మిగిలిన ఒక్క కాలూ పట్టుకున్నాను. నా సూదే సామీ, నేనే సూసుకోలా అని ఒప్పుకున్నాను. ఆయన పోనీలే తల్లీ అన్నాడు. ఏడాదిగా సూది పట్టలా. పట్టుకుంటే సెయ్యి వొణుకుతాది. బిడ్డ రవిక చినిగితే పక్కింట్లో ఇచ్చి కుట్టిస్తాండా."

తిరుమలమ్మ ఏడ్చేసింది. క్షమించమని అడగాలని వచ్చింది గానీ, ఆ మాటకి ఇక్కడ చోటు లేదని తెలిసింది.

"ఏడ్సబాక. మా యత్తకి సెప్పు," అంది చంద్రకాంతమ్మ మణికట్టు పట్టుకునే ముసలావిడ ముందుకి లాక్కుపోతూ. "యశోదమ్మ అని ఈమే. నేను సెప్తే నమ్మదు. ఒకరి కాలు తీసేయించినదానివని రోజూ అంటాది. నీ నోటితో సెప్పు."

తిరుమలమ్మ చెప్పింది. యశోదమ్మకు చెవులు సరిగ్గా వినపడవు, గట్టిగా చెప్పాల్సి వచ్చింది. గట్టిగా చెప్తుంటే సందులో పోయేవాళ్లు ఇద్దరు ఆగారు. వాళ్లకీ చెప్పమంది చంద్రకాంతమ్మ. వాళ్లకీ చెప్పింది. ఎన్నిసార్లు చెప్పినా భయం తగ్గలేదు. చెప్పేకొద్దీ అది పక్కనే వచ్చి నిలబడుతోంది. రేపు ఎనిమిదింటికి షెడ్డు తలుపు, సుబ్బులమ్మ మొహం, దేవనాథన్ చేతిలో పుస్తకం కనపడుతూనే ఉన్నాయి. ఆయన ఆ నల్లబడిన మొనను అంతసేపు ఎందుకు చూశాడో కూడా ఇప్పుడు అర్థమైంది. ప్రతి సంతకం ఆయనదే. ఆయన భయం ఆయనది.

"ఆఫీసు యన్ని గంటలదాకా?" అంది చంద్రకాంతమ్మ.

"ఐదింటిదాకా ఉంటానన్నాడు ఆ సారు. నేను కాగితం రాయనని వచ్చేసినాను అక్కా."

"పద."

చేతులు కూడా కడుక్కోలేదు, పూలు అట్లాగే వదిలేసింది. మణికట్టు మాత్రం వదల్లేదు. బస్సులో టిక్కెట్టుకి చిల్లర ఎడమచేత్తోనే తీసి ఇచ్చింది. "నేను యాడికీ పారిపోనక్కా," అంది తిరుమలమ్మ. "పోతావేమో," అంది ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ.

నాలుగూ నలభైకి వాళ్లు గదిలోకి పోయేసరికి బాలసుబ్రమణ్యం లేచి నిలబడ్డాడు. చంద్రకాంతమ్మ బల్ల మీది తెల్లకాగితం చూపించింది. ఆయన కూర్చుని తిరుమలమ్మ చెప్పినట్టే రాసి, చదివి వినిపించాడు. నిరుడు ఉగాది వారంలో ఒకసారి, ఈ మంగళవారం ఒకసారి నా సూది మొన దొరకలేదు. వేరే పాత మొన చూపించాను. పుస్తకంలో నా పేరు మీద ఉన్న ఆ రెండూ నిజం కావు.

"ఆ పాత మొనలు నీకు ఎవరిచ్చారు?" అన్నాడు.

"అది రాయొద్దు సార్. నా సంగతి నేను సెప్పినాను. వాళ్ల సంగతి వాళ్ల నోటితో రావాల."

ఆయన కాగితం ఆమె వైపు తిప్పాడు. పెన్ను మూత తీసి ఇచ్చాడు. ఇచ్చిన పెన్ను అందుకోవడానికి ఆమెకు చెయ్యి లేదు.

"అక్కా, సెయ్యి," అంది తిరుమలమ్మ.

చంద్రకాంతమ్మ తను పట్టుకున్నదాన్ని అప్పుడే చూసినట్టు చూసింది. వదిలింది. మణికట్టు చుట్టూ నాలుగు వేళ్లూ బొటనవేలూ ఎర్రగా పడి ఉన్నాయి, మల్లెల తడి ఇంకా ఆరలేదు.

చెయ్యి వదలగానే తిరుమలమ్మకి భయం ఒక్కసారిగా మీద పడింది. ఇంతవరకూ ఎవరో లాక్కొస్తే వచ్చానని అనుకునే వీలుంది. ఇప్పుడు లేదు. తలుపు తెరిచే ఉంది. లేచి పోతే పట్టుకునేవాళ్లెవరూ లేరు. పెన్ను కాగితానికి ఆనించింది. తర్వాత మొదటి అక్షరం రాసింది. అది వంకరగా వచ్చింది. మిగతావి దాని పక్కన ఒకటొకటే పెట్టుకుంటూ పోయింది.

పెన్ను కింద పెట్టబోతుంటే చంద్రకాంతమ్మ వంగి కాగితం చూసింది.

"ఊరు పేరు కూడా రాయి," అంది. "తిరుమలమ్మలు శానా మంది ఉంటారు."

తిరుమలమ్మ మళ్లీ పెన్ను తీసుకుని, పేరు కింద నగరి అని రాసింది.